కళ్లు తెరిపించే పని

తొంభైల చివర్లో చందానగర్‌లో పోయినవాళ్లలో కనీసం పదిమంది మా మాస్టారి కళ్లతో గోడలకెక్కారు. ఆ సంగతి వాళ్ల ఇళ్లల్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఊరుకుంటారా, మాస్టారి ఫొటో స్టూడియో అద్దాలు పగలగొట్టి పోయేవాళ్లు. నేను ఆయన దగ్గర టచప్ పని చేసేదాన్ని. టచప్ అంటే మొహం మీద మొటిమలు తీసెయ్యడం, పెళ్లికొడుకు నెత్తిన పల్చబడ్డచోట జుట్టు పెట్టడం, అలాంటివి. అన్నిటికంటే కష్టమైంది కళ్లు తెరిపించే పని. బతికుండగా ఫొటో దిగడానికి తీరిక లేని మనిషి పోయాక, కళ్లు మూసుకున్న ఆ ఆఖరి ఫొటో ఒక్కటే ఇంట్లో మిగిలేది. "కళ్లు తెరిచినట్టు చేసి ఇవ్వండి" అని అడిగేవాళ్లు. ఇప్పుడైతే కంప్యూటర్లో చిటికెలో అయిపోతుంది. అప్పుడు బ్లేడు, గరుకు కాగితం, గమ్ము, సన్న కుంచె, వీటన్నిటితో పాటు నా నడుంనొప్పి.

ఎలా చేసేవాళ్లమంటే, పోయినవాళ్ల ఫొటో ఒకటి పెద్దగా ప్రింటు తీసుకోవాలి. వేరే ఎవరివో తెరిచిన కళ్లున్న ఫొటో, అదే కొలతలో, అదే పక్కనుంచి వెలుతురు పడ్డది వెతుక్కోవాలి. ఆ కళ్లు బ్లేడుతో కోసి, వెనకవైపు కాగితాన్ని ఉల్లిపొరంత పల్చగా అరగదీసి, మూసిన కళ్ల మీద అతికించి, అంచులు కుంచెతో కలిపెయ్యాలి. ఆ మొత్తాన్ని మళ్లీ కెమెరాతో తీసి, కొత్త నెగెటివ్ నుంచి ప్రింటు ఇవ్వాలి. శ్రద్ధగా చేస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. అతికించిన అసలుదాన్ని మాస్టారు తన చేత్తోనే చింపేసేవారు.

ఈ పనికోసం మాస్టారు తన మొహాన్నే పాతిక రకాలుగా ఫొటో తీయించి డబ్బాలో పెట్టుకున్నారు. కుడి వెలుతురువి, ఎడమ వెలుతురువి, తల దించినవి, ఎత్తినవి. ఎవరు పోయినా ఆ డబ్బాలోంచే కళ్లు. "పరాయి మొహం మీద బ్లేడు పెట్టకమ్మాయ్, నాది కోసుకో" అనేవారు. నాకు నవ్వొచ్చేది. "అందరికీ మీ కళ్లు పెడితే ఊరంతా మీకు చుట్టాలైపోరూ మాస్టారూ" అని వెక్కిరించేదాన్ని. ఆయన టీ తాగుతూ నవ్వేసేవారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, తెనాలి నుంచి వచ్చి మూడేళ్లయింది, నోటికి హద్దు లేదు. చేతిలో పని ఉంది కదా అని కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆదివారాలు స్టూడియోకి సెలవు. ఐదుగురం ఫొటోగ్రాఫర్లం మూడు స్కూటర్ల మీద మాదాపూర్ రాళ్ల దగ్గరికి పోయేవాళ్లం. వాళ్లలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. గుండ్రటి అద్దాల భవనం అప్పుడప్పుడే తయారైంది. దాన్ని దాటి గచ్చిబౌలి వైపు పోతే ఇంకా అన్నీ బండలే. రోజుకో బండకి మందు పెట్టి పేల్చేస్తున్నారు. పోయిన వారం ఫొటో తీసిన బండ ఈ వారం పోతే ఉండేది కాదు, దాని చోట బురద నీళ్ల గుంట కనిపించేది. అవి పూర్తిగా పోకముందే తీసిపెట్టుకోవాలని మా తాపత్రయం.

మా ఐదుగురికీ కలిపి మంచి లెన్సు ఒక్కటే. దూరం నుంచి మొహాలు తియ్యడానికి పనికొచ్చే టెలీ లెన్సు. లోపల ఒక మూల సాలెగూడులా ఫంగస్ పట్టింది, అయినా దాన్ని పసిబిడ్డలా తువ్వాలులో చుట్టుకుని తిప్పేవాళ్లం. వారానికొకరి దగ్గర ఉండేది. తెలిసిన కిటుకులన్నీ అక్కడే ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. తెల్ల థర్మోకోల్ ముక్కతో నీడ పడ్డ చెంపకి వెలుతురు కొట్టడం, చాక్లెట్ చుట్టే పసుప్పచ్చ కాగితాన్ని లెన్సు ముందు పట్టి మబ్బులు తేల్చడం, ఇలాంటివి. ఇంకో పద్ధతి పెట్టుకున్నాం. ఎవరు తీసిన నెగెటివ్ వాళ్లు ప్రింటు చేసుకోకూడదు. ఎవరు తీసింది వాళ్లకి గొప్పగానే కనిపిస్తుంది కాబట్టి, ఇంకొకరు చెయ్యాలి. నా నెగెటివ్‌లు మూసాపేటలో ఉండే పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ చేసేవాడు, వాడివి నేను. ప్రింటు చేసినవాళ్ల దగ్గరే నెగెటివ్ ఉండిపోయేది. ఎప్పుడో ఆరునెలలకి గుర్తొస్తే తిరిగిచ్చుకునేవాళ్లం.

ఒక ఆదివారం లెన్సు నా వంతు. గడియ విశ్రాంతికి బండ నీడన కూర్చున్న రాళ్లు కొట్టే మనిషి కనిపించాడు. పాలమూరు వైపు నుంచి వచ్చిన గుంపులో ఒకడు. నలభై ఏళ్లుంటాయేమో, ఎండకి మొహం మీద గీతలు తేలాయి. ఫొటో తీసుకుంటానంటే సర్దుకుని కూర్చున్నాడు గానీ కళ్లు చికిలించడం మానడే. రాతి పెచ్చులు ఎగిరి పడతాయని వాళ్లకి కళ్లు సగం మూసి ఉంచడం అలవాటైపోతుంది. మూసాపేట మిత్రుడు వెనకనుంచి కిటుకు అందించాడు. "కండ్లు మూసుకోమను అక్కా, మూడు లెక్కవెట్టి తెరవమను. తెరిచిన్నంక ఒక్క గడియ మంచిగుంటయి." అలాగే చేశాను. మూడు అనగానే ఆ మనిషి కళ్లు పూర్తిగా తెరిచాడు. ఎడమ కంటి నల్లగుడ్డు మీద ఒక అంచున బియ్యపు నూకంత తెల్ల మచ్చ కనిపించింది. నొక్కాను.

ప్రింటు చేతికొచ్చిన రోజు నాకు ఒళ్లు పులకరించింది. అంతకుముందు అంత మంచి మొహం నేను తియ్యలేదు, ఆ తర్వాతా తియ్యలేదు. ఆ మనిషికి కాపీ ఇస్తానని మాటిచ్చాను. ఇవ్వలేదు. ఉన్నది ఒక్కటే, దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. ఇంకోటి తీసిపెట్టమని మూసాపేటకి చెబితే వాడు పెళ్లి ఆర్డర్ల గోలలో పడి మర్చిపోయేవాడు. నేనూ గట్టిగా అడగలేదు. ఫొటోలు తీసేవాళ్లందరం చేసే పాపమే ఇది. ప్రతి ఆదివారం ఆ మనిషి నన్ను చూడగానే సుత్తి కింద పెట్టేవాడు.

"నా ఫొటో ఏదమ్మా?"

"వచ్చేవారం తెస్తా."

"ఏంది, బొంబాయి గిట్ల తిరిగొస్తుందా అది? మా ఇంటామెకు చెప్పిన, చందానగర్ స్టూడియో అమ్మ నా ఫొటో దీసింది అని. ఒట్టి మాటలు చెప్తున్నవ్ అంటుంది నన్ను."

నవ్వేసి వచ్చేదాన్ని. అలా నాలుగైదు వారాలు గడిచాయి.

జూన్ మొదట్లో టీచరుగారు స్టూడియోకి వచ్చారు. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, మా వీధి చివరే ఇల్లు. భర్త గవర్నమెంటు ఆఫీసులో పనిచేసేవారు. గుండెపోటుతో ఒక్క పూటలో పోయారు. శవపెట్టె చుట్టూ కుటుంబమంతా నిలబడి ఉన్న ఫొటో తీయించుకోవడం వాళ్లలో ఆచారం. అది తీసింది మా మాస్టారే. ఇంట్లో ఉన్నవి అదీ, పాతికేళ్లనాటి పెళ్లి ఫొటో, అంతే.

"ఆయనకి ఫొటో అంటే సిగ్గండీ" అన్నారు టీచరుగారు. "పెళ్లి ఫొటోలో చూస్తే నా కొడుకులా ఉన్నారు. శనివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. పెట్టెలో ఉన్న ఫొటోకే కళ్లు తెరిపించి ఇస్తారా?" ఇస్తామన్నాను. ఆవిడ వెళ్లబోతూ ఆగి, "ఏమీ అనుకోకండి. మీరు చేసిచ్చినవి రెండు మూడిళ్లల్లో చూశాను. అందరూ ఒకేలా చూస్తారేంటండీ?" అని అడిగారు.

ఆవిడ వెళ్లాక పౌరుషం పొడుచుకొచ్చింది. మాస్టారు నాలుగు రోజుల పెళ్లి ఆర్డరుకి ఊరెళ్లారు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఆయన డబ్బా తీసి చూశాను. అన్నీ కిందికి జారిన ముసలి కళ్లే. టీచరుగారి భర్తవి పెద్ద కనురెప్పలు. మధ్యాహ్నం వరకూ వెతికి, చివరికి నా సొరుగులోని రాళ్లు కొట్టే మనిషి ప్రింటు తీశాను. అదే ఆకాశపు మెత్తటి వెలుతురు, మొహం తిరిగి ఉన్న వాలు కూడా అదే. అతని ఫొటోకి సరిపోయేలా టీచరుగారి భర్త ఫొటో ప్రింటు తీశాను. కొలబద్ద పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

ఆ ప్రింటు ఒక్కటే ఉందని నాకు తెలుసు. అది ఆ మనిషికి ఇస్తానన్నదని కూడా తెలుసు. నెగెటివ్ మూసాపేటలో ఉంది కదా, ఇంకోటి తీయించుకోవచ్చులే అనుకున్నాను. చెయ్యి వణికిందని రాసుకుంటే ఈరోజు నాకు బాగుండును. వణకలేదు. కొత్త బ్లేడు వేసి చాలా శుభ్రంగా కోశాను. కోశాక బల్ల మీద మిగిలిన మొహంలో రెండు కంతల్లోంచి చెక్క కనిపిస్తుంటే, దాన్ని తిరగేసి పెట్టి పని చేసుకున్నాను. అతికించాక ఎడమ కంటిలోని తెల్ల మచ్చ మీద నల్లరంగు చుక్క పెట్టేశాను. పెట్టెలో పడుకున్న మనిషి కళ్లు తెరిచి నావైపు చూశాడు.

టీచరుగారు ఫ్రేము చేతిలోకి తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టి చూశారు. "ఇవి ఆయన కళ్లేనండీ" అన్నారు చివరికి. "ఎలా చేశారమ్మా?" అంతా కుంచె పనండి అన్నాను. ఆ నెగెటివ్ కూడా ఇచ్చెయ్యమని అడిగి, కవరులో పెట్టుకుని తీసుకెళ్లారు. నాకు ఆ రోజంతా నేల మీద కాలు ఆనలేదు.

మాస్టారు ఊరినుంచి వచ్చి, నేను దాచిపెట్టిన ఇంకో ప్రింటు చూశారు. చూడగానే పట్టేశారు.

"ఎవరివి?"

చెప్పాను.

"ఆ మనిషి ఉన్నాడా?"

"దుక్కలా ఉన్నాడు."

"మరి ఆదివారం అతనికి ఏమిస్తావ్?"

"ఇంకోటి తీయించి ఇస్తాను, అదేం పెద్ద పని" అని విసుక్కున్నాను. ఆయన ఆ ప్రింటునీ, అతికించిన అసలుదాన్నీ కలిపి చింపి బుట్టలో వేశారు.

ఆ ఆదివారం పోతే అతను లేడు. పక్కన రాయి కొట్టేవాళ్లని అడిగితే, "ఎటో పోయిండమ్మా, చెప్పలే" అన్నారు. నాకు హమ్మయ్య అనిపించింది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజంగా అలాగే అనిపించింది. ఫొటో ఏదమ్మా అని అడిగేవాడు లేడు. ఆ పక్క బండ కూడా అప్పటికే లేదు. పేల్చిన రాయంతా లారీల్లో పోయి కొత్త రోడ్ల కిందికి చేరుతోంది.

ఆగస్టులో వానలు కొంచెం తెరిపిచ్చాక ఒక పగటిపూట ఒకావిడ స్టూడియో మెట్లెక్కింది. చేతుల నిండా రాతిదుమ్ము, మెడలో పసుపుతాడు. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడింది.

"మా ఆయన ఫొటో నీ దగ్గరున్నదట గదా" అంది. "ఒట్టి మాటలనుకున్న. రెండు నెలలాయె, పనికి పోయినోడు మళ్ల రాలే. మేస్త్రీ నడిగితే పని ఇడిసి పోయిండంటడు. ఆ రోజు మందు పేలినంక మనుషుల లెక్క సరిగనే ఉన్నదంటరు. ఠాణకు పోతే ఫొటో తెమ్మంటున్నరు. ఫొటో లేకుంటే ఎవరినని దేవులాడాలె అంటున్నరు. జర ఇయ్యమ్మా."

ఫొటో పాడైపోయిందన్నాను.

"పాడైందే ఇయ్యి."

"కనిపించదమ్మా, పనికిరాదు."

"నాకు కనిపిస్తది. ఇయ్యి."

ఆమె కదిలేలా లేదు. సొరుగు తెరిచి, కాగితాల అడుగునుంచి ఆ ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. నుదురు, ముక్కు, గడ్డం, మెడలో తువ్వాలు, అన్నీ ఉన్నాయి. ఆమె దగ్గరికొచ్చి, కంతల్లో ఒకదాని మీద వేలు పెట్టి చూసింది.

"కండ్లేవి?"

చెప్పాను. ఎవరో పోయినాయన ఫొటోకి పెట్టానని, అది మా పని అని, నెగెటివ్ వేరే ఉందని, ఇంకోటి తీసిస్తానని గబగబా ఏదేదో చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే నేనూ నాలుగు మాటలని తేలికపడేదాన్ని. "సచ్చిపోయినాయనకా" అని మాత్రం ఒకసారి అడిగింది. అవునన్నాను. ఆ ప్రింటు తిరగేసి పెట్టి, "మరి తీసియ్యి" అంది.

ఆమెని కూర్చోబెట్టి, స్కూటరు అడిగి తీసుకుని మూసాపేట పరిగెత్తాను. మా మిత్రుడి ఇల్లు వీధికంటే పల్లంలో ఉంటుంది. తలుపు తియ్యగానే తడి గోడల వాసన వచ్చింది. నెగెటివ్‌ల రేకు పెట్టె బయటికి తెచ్చి మూత తీశాడు. ఇంట్లోకి నీళ్లొచ్చి నాలుగు రోజులున్నాయట. నెగెటివ్‌లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోయాయి. ఒకదాన్ని లాగితే మీద ఉన్న బొమ్మ పొర ఊడి వేలికంటుకుంది.

"చెప్పుదామనే అనుకున్నక్కా, నీ మొహం జూసి ధైర్యం రాలే" అన్నాడు. "పరేషాన్ గాకు, ఏదో ఒకటి చేద్దాం."

"ఏం చేస్తావురా, నీ కళ్లు ఇస్తావా?" అన్నాను. వాడిమీద అరిచి లాభం లేదని తెలుసు, అయినా అరిచాను. తిరిగొస్తుంటే దారిపొడవునా నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇక ఆ కళ్లున్నది ఒక్క చోటే. స్టూడియోకి వచ్చి, అక్కడ కూర్చున్న ఆమెని వెంటబెట్టుకుని ఆ రోజే టీచరుగారింటికి బయల్దేరాను. ఆమెని గేటు దగ్గరే ఉండమన్నాను. టీచరుగారితో కూడా అబద్ధమే చెప్పాను. మంచి కాగితం వచ్చింది, ఇంకా బాగా తీసిస్తాను, ఆ నెగెటివ్ ఒకసారి ఇవ్వండి అన్నాను. ఆవిడ సంతోషంగా లోపలికెళ్లి బైబిల్లో దాచిన కవరు తెస్తున్నారు. ఈలోగా నా వెనక అడుగుల చప్పుడైంది. గేటు దగ్గర ఉండమన్న మనిషి హాల్లోకి వచ్చేసింది. గోడ మీద ఫ్రేము, చుట్టూ ప్లాస్టిక్ పూలు, కింద చిన్న బల్బు వెలుగుతోంది. ఆమె తిన్నగా దాని దగ్గరికెళ్లి, ఒక అరచెయ్యి పోయినాయన నుదుటి మీద, రెండోది ముక్కూ నోరూ మూసేలా పెట్టింది. రెండు చేతుల మధ్య కళ్లు మాత్రం మిగిలాయి. అలా చూస్తూ నిలబడింది.

"మచ్చ లేదు" అంది. "అయినా మా ఆయనే."

టీచరుగారు కవరు పట్టుకుని అలాగే ఆగిపోయారు. "ఎవరమ్మా మీరు?" అన్నారు. నేనే చెప్పాల్సొచ్చింది. నా జీవితంలో అంత కష్టమైన నాలుగు మాటలు ఇంకెప్పుడూ మాట్లాడలేదు. విన్నాక టీచరుగారు కుర్చీలో కూర్చుని, చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఉన్నారు. తుడవడానికి ఆ చేతులకి ఏమీ లేదు.

"నేను రోజూ పొద్దున్నే లేచి ఆయనతో మాట్లాడుతున్నానండీ" అన్నారు నాతో. "ఎవరితో మాట్లాడుతున్నాను నేను?"

క్షమించమన్నాను. ఆవిడ లేచి, బల్బు ఆపి, ఫ్రేము కిందికి దించి, దాన్నీ కవరునీ రాళ్లు కొట్టే మనిషి భార్య చేతుల్లో పెట్టారు. "తీసుకెళ్లమ్మా, మీ ఆయన్ని" అన్నారు. తర్వాత నాతో, "నాకు కళ్లు మూసుకున్నదే ఇవ్వండి. ఆయన అలాగే వెళ్లారు" అన్నారు. అప్పుడిచ్చింది ఆవిడ గోడ మీద చాలా ఏళ్లుంది. నాతో మాత్రం మళ్లీ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున ఆ కవరులోని నెగెటివ్ నుంచి టీచరుగారి భర్త మొహం ప్రింటు తీసి, కళ్లు కోసి, కంతలున్న అసలు మొహంలో ఎక్కడివక్కడ అతికించాను. ఆమె నా భుజం పక్కన నిలబడింది. మచ్చ పెట్టాల్సొచ్చేసరికి నాకు అదెక్కడుందో గుర్తు లేదు. అంత గొప్పగా చూసి తీసినదాన్ని, నా చేత్తోనే చెరిపినదాన్ని, నాకు గుర్తు లేదు. కుంచె పట్టుకుని ఆమె మొహంలోకి చూశాను.

"ఇంకొంచెం కిందికి" అంది. "లోపలికి. గంత పెద్దది గాదు. పెండ్లయిన కొత్తల పెచ్చు దాకింది, నేనే కంట్ల రొమ్ముపాలు పోయించిన, పక్కింటామెవి." ఆమె వేలు పెట్టిన చోట తెల్లచుక్క పెట్టాను. "ఆఁ. గదే" అంది. మాస్టారు దాన్ని కెమెరాతో తీసి డజను కాపీలు చేసిచ్చారు.

ఆ కాపీలు పట్టుకుని ఆమె తిరగని చోటు లేదు. ఠాణలో ఒకటి ఇచ్చింది. దవాఖానాల్లో చూపించింది. పొద్దున్నే కూలీలు నిలబడే అడ్డాలన్నిటికీ పోయింది. నెలకోసారి స్టూడియోకి వచ్చి, నలిగిన కాపీలు ఇచ్చి కొత్తవి తీసుకునేది. ఆ రోజుల్లో నాకు ఒక జబ్బు పట్టుకుంది. ఎవరినైనా ఫొటోకి కూర్చోబెట్టి, కళ్లు మూసుకోండి అనేదాన్ని, ఒకటి, రెండు అని ఆగిపోయేదాన్ని. మూడు అనడానికి నోరు పెగిలేది కాదు. తెరిస్తే ఎవరి కళ్లు కనిపిస్తాయోనని భయం. ఆదివారాలు రాళ్ల దగ్గరికి పోవడం మానేశాను. లెన్సు నా వంతు వస్తే తువ్వాలు విప్పకుండానే పక్కవాళ్లకి ఇచ్చేసేదాన్ని. ఇప్పుడు ఆ వెడల్పు రోడ్ల మీద ఆఫీసు బస్సులో పోతుంటే, కింద ఏ రాయి ఉందో, రాయితో పాటు ఏముందో అనిపించి, కాళ్లు పైకి తీసుకుని కూర్చుంటాను. పక్కసీటువాళ్లు విచిత్రంగా చూస్తారు, చూసుకోనీ.

చలికాలం చివర్లో ఒకరోజు ఆమె మామూలు కంటే ముందే వచ్చింది. చేతిలో మూట ఉంది. సంచిలోంచి ఫొటోలన్నీ తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇగ చాలమ్మా" అంది. "మా అన్న వచ్చిండు తోల్కపోతానికి. చెయ్యవలసినయన్ని చేసి, తాడు తీసేసి, ఊరికాడ పనిచేసుకుంట. కాళ్లరిగినయి. ఎందరని అడగాలె." ఆమె మొహంలో ఏడుపు లేదు. అలసిపోయింది, కానీ ఏదో దించుకున్నట్టే ఉంది. మంచిదమ్మా అన్నాను. మెట్ల దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగింది.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. ఆయన కండ్లు నువ్వు ఏ రోజు కోసినవ్?"

ఎందుకన్నాను.

"ఆయన పోయింది బుధవారం. పొద్దుగాల సద్ది కట్టిన, పగటీలి అన్నం పట్కపోతే లేడు. నువ్వు అప్పుడే కోసినవా ఏంది అని, రోజూ నిద్రల వస్తుంది నాకు. గదొక్కటి తెలిస్తే నా పానం నిమ్మలమైతది. ఇగ లేడని అనుకుంట."

ఆ లెక్క నేను ఆమె మొదటిసారి గుమ్మంలో నిలబడ్డప్పుడే, ఆమె రెండు నెలలనగానే వేసుకున్నాను. శనివారం కూడిక. శుక్రవారం ఫ్రేము ఇచ్చాను. గురువారం కెమెరాతో తీశాను. కోసింది బుధవారం మధ్యాహ్నం. నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాను. తుమ్మితే ఆగను, పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరగను. కాగితం కోస్తే మనిషికేమవుతుంది అని ఎవరితోనైనా వాదించగలను. ఆమె నా మొహంలోకే చూస్తూ నిలబడింది.

"నెల ముందే కోశానమ్మా" అన్నాను. "ఎప్పుడో మే నెలలోనే."

ఆమె మూట కింద పెట్టింది.

"అంటే కోసినంక నెలరోజులు నా దగ్గరనే ఉన్నడు" అంది. "మంచిగనే ఉన్నడు. జరం గూడ రాలే."

"అవును."

"అయితే ఏం గాలే. ఉన్నడు."

బల్ల దగ్గరికి తిరిగొచ్చి, పెట్టిన ఫొటోలు ఒక్కొక్కటే ఏరి దుమ్ము తుడిచి సంచిలో పెట్టుకుంది. "గచ్చిబౌలి దాటినంక కొత్త పని మొదలైందట, ఆడ సూడలే ఇంకా" అంది. వాళ్లన్న మెట్ల కింద నిలబడి పిలుస్తున్నాడు. మా అన్నకు నేను రానని చెప్పు అని నాకే చెప్పి, ఆమె రెండో వైపు మెట్లు దిగి, పటాన్‌చెరు వైపు నుంచి వస్తున్న బస్సుకి చెయ్యెత్తింది.